తాబేలు ట్రాక్‌లో మేత ఏది, గుడ్ల మధ్య విరామం ఏది?

కళింగపట్నం ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్లిన ఆలివ్ రిడ్లే తాబేలు ట్రాక్ ఇది; వీపు మీది ట్యాగు సిగ్నల్‌ను పట్టే ఆర్గోస్ ఉపగ్రహాల నుంచి వచ్చింది. ఆర్గోస్ ప్రతి పాయింటుకూ ఒక నాణ్యత క్లాసు ఇస్తుంది; అన్నిటికన్నా మెరుగైన క్లాస్ 3 పాయింట్లకు స్థానంలో తేడా 250 మీటర్ల లోపే. కానీ వచ్చినవి ఎక్కువగా ఎ, బి క్లాసులు, వాటికి తేడా అంచనాయే రాదు. అందుకే ముందు స్టేట్-స్పేస్ మోడల్‌తో (తేడాలున్న పాయింట్ల నుంచి అసలు దారిని అంచనా వేసేది) సరిచేసి, 6 గంటలకో పాయింటు తీసి, అడుగు పొడవు, మలుపు కోణాలతో రెండు స్థితుల హిడెన్ మార్కోవ్ మోడల్ నడిపాం; కదలికను బట్టి తాబేలు 'మేత'లో ఉందో 'ప్రయాణం'లో ఉందో అది అంచనా వేస్తుంది. రోజంతా సిగ్నల్ లేనిచోట మోడల్ గీసే తిన్నని గీత దొంగ 'ప్రయాణం' అవుతోందని, 24 గంటలు దాటిన ఖాళీల దగ్గర ట్రాక్ తెంపేశాం.

అసలు చిక్కు వంశధార మొగ దగ్గర. అక్కడే మెలికలు తిరిగిన మూడు వారాలను మోడల్ 'మేత' అంటోంది. రెండోసారి గుడ్లకు ఆగిన తల్లి కూడా అచ్చం అలాగే తిరుగుతుంది కదా! పైగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రవాహం ఈశాన్యానికి లాగుతుంది, ఊరికే తేలుతున్నా ఈదినట్టే లెక్కకొస్తుంది. ట్యాగులో లోతు సెన్సర్ లేదు, కాబట్టి మునకలను చూసి తేల్చే వీలూ లేదు.

గుడ్ల మధ్య విరామానికి మోడల్‌లో మూడో స్థితి పెట్టాలా, ఆ కాలాన్ని ట్రాక్ నుంచి కోసేయాలా? ప్రవాహ వేగాన్ని అడుగు పొడవు లెక్కకు ముందే తీసేసినవాళ్లు, ఎంత గడి సైజున్న (గ్రిడ్) ప్రవాహ డేటా వాడారో చెప్పగలరా?