30,000 బేస్‌బాల్ కార్డులు: ఎవరికైనా కావాలా?

గోదావరిగట్టు:
న్యూజెర్సీ ఎడిసన్‌లో అమ్మానాన్నల ఇల్లు అమ్మకానికి పెట్టాం. గరాజ్ సర్దుతుంటే నా చిన్నప్పటి బేస్‌బాల్ కార్డులు (ఆటగాళ్ల ఫొటోలు అచ్చేసిన చిన్న అట్టముక్కలు) ఆరు అట్టపెట్టెల నిండా కనిపించాయి. పెట్టెకు ఐదు వేలు. అన్నీ 1987 నుంచి 1992 దాకా వచ్చిన టాప్స్, ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలవే. పేరున్న ఆటగాళ్లవి ఎప్పుడో తీసేశాను, మిగిలింది చిల్లర. పారేద్దామంటే అమ్మ ఒప్పుకోదు. "మీ నాన్న డాలరు డాలరు లెక్కపెట్టుకునే రోజుల్లో కొనిచ్చినవి" అంటుంది. ఇలాంటివి వదిలించుకున్నవాళ్లు ఉన్నారా?

పాతపెట్టె:
ఆ ఏళ్ల సరుకును ఇక్కడ ‘జంక్ వాక్స్’ (మైనపు కాగితం పొట్లాల్లో వచ్చిన చెత్త) అని ఊరికే అనరు. పాత కార్డుల ధరలు పెరగడం చూసి కంపెనీలు లెక్కాపత్రం లేకుండా అచ్చేశాయి. కొన్నవాళ్లు పిల్లల చదువులకు అక్కరకొస్తాయని ఒక్కటీ పోనివ్వలేదు. 1950ల కార్డులకు అంత గిరాకీ ఎందుకంటే, అప్పటి అమ్మలు వాటిని చెత్తబుట్టలో వేశారు కాబట్టి. మన అమ్మలు వేయలేదు, అదీ చిక్కు!

నేను ఈబేలో విడివిడిగా పెట్టి చూశాను. కార్డు ధర కంటే స్టాంపు ఖర్చే ఎక్కువ. తర్వాత జట్లవారీగా విడదీసి వందేసి కట్టలు కట్టాను. మెట్స్, యాంకీస్ కట్టలు పోయాయి. మాంట్రియల్ ఎక్స్‌పోస్ కట్టను కూడా ఒకాయన అడిగి మరీ కొన్నాడు. ఆ జట్టు 2005లోనే వాషింగ్టన్‌కు తరలిపోయింది కదా, అభిమానం మాత్రం పోలేదు. కానీ విడదీయడానికి నాలుగు శనివారాలు పట్టింది. మళ్లీ ఆ పని చేయను.

ఫ్రిస్కో వదిన:
మా అబ్బాయి టీచరు కొన్ని తీసుకున్నారు. కార్డు వెనుక అంకెలుంటాయిగా, హిట్లను ఎట్‌బ్యాట్లతో (లెక్కలోకొచ్చే బ్యాటింగ్ అవకాశాలతో) భాగించి సగటు కట్టడం పిల్లలకు నేర్పారట. అయితే ఆవిడ అడిగింది 400, నా దగ్గరున్నవి 12,000! హాలోవీన్‌కు చాక్లెట్‌తో పాటు పదేసి పంచాను. పాత సామాన్ల దుకాణం వాళ్లు చూసి నవ్వి వద్దన్నారు.

మూడోబేస్:
గట్టుగారూ, దూరానికి పంపే ఆలోచన ఉంటే మానుకోండి. నిండు పెట్టె తొమ్మిది కిలోల దాకా తూగుతుంది, పుస్తకాలకిచ్చే చవక తపాలా రేటు కార్డులకు వర్తించదు. ఇచ్చే ముందు మాత్రం రెండు వెతకండి. 1989 ఫ్లీర్‌లో బిల్లీ రిప్కెన్ పట్టుకున్న బ్యాటు అడుగున బూతుమాట కనబడేది ఒకటి. 1990 టాప్స్‌లో ఫ్రాంక్ థామస్ పేరు ముందువైపు అచ్చుపడనిది ఇంకొకటి. రెండోది దొరికితే మా అందరికీ భోజనం పెట్టాలి.

గోదావరిగట్టు:
రెండు రాత్రులు వెతికాను. రిప్కెన్ దొరికాడు, బూతు మీద నల్లగడి కొట్టిన మామూలువాడే. థామస్‌కు పేరు చక్కగా ఉంది. భోజనం లేదు.

ఊళ్లోవాళ్లకు ‘మోసుకెళ్లేవారికి ఉచితం’ అని ప్రకటించాను. సెట్లు పూర్తిచేసుకునే పెద్దాయన ఒకరు పికప్ ట్రక్కుతో వచ్చారు. ఉచితమని రాసినా అమ్మ ఊరుకోలేదు, ఇరవై డాలర్లు చేతిలో పడ్డాకే గరాజ్ తలుపు ఎత్తింది. ఐదు పెట్టెలు వెళ్లిపోయాయి.

పాతపెట్టె:
ఆరోది?

గోదావరిగట్టు:
నా కారు డిక్కీలో ఉంది. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.