కామెర్లకు నేల ఉసిరి పసరు: మందా, నమ్మకమా?

పొలంగట్టు:
మా అక్క కొడుక్కి పచ్చకామెర్లు వచ్చినప్పుడు నేల ఉసిరి మొక్కను వేళ్ళతో సహా నూరి, మజ్జిగలో కలిపి మూడు రోజులు పరగడుపున తాగించారు. ఉప్పూ కారం లేని పత్యం పెట్టారు. రెండు వారాల్లో కళ్ళు తెల్లబడ్డాయి. ఇంత స్పష్టంగా గుణం కనిపించినా, పసరుకు ఆధారం లేదని వైద్యులు ఎందుకంటారు?

కందిచేను:
పిల్లలకు వచ్చే కామెర్లకు తరచుగా కనిపించే కారణం హెపటైటిస్ ఎ అనే కాలేయ వైరస్ జబ్బు. కలుషితమైన నీటితో సోకే ఆ జబ్బు, పసరు తాగినా తాగకపోయినా, సాధారణంగా కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. మీ మేనల్లుడు కోలుకోవడం సంతోషమే గానీ, ఆ ఘనతను పసరుకు కట్టబెట్టలేము.

వేపనీడ:
ఆధారమే లేదనడం అన్యాయం. 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో త్యాగరాజన్ బృందం ప్రచురించిన పరీక్షలో, హెపటైటిస్ బి వైరస్ దీర్ఘకాలంగా ఉన్నవారికి ఈ మొక్క పొడిని 30 రోజులు ఇస్తే 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఉపరితల ప్రోటీను (వైరస్ ఒంట్లో ఉందనడానికి గుర్తు) కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు వాడిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా ఆ బృందంలో ఉన్నారు. పైగా ఇందులోని ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అనే లిగ్నాన్లు (ఒక రకం మొక్క రసాయనాలు) ప్రయోగశాలలో ఎలుక కాలేయ కణాలను విషపదార్థాల నుంచి కాపాడాయి.

కందిచేను:
లెక్కలు సరైనవే. అయితే తర్వాత థాయ్‌లాండ్‌లోనూ న్యూజిలాండ్‌లోనూ చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు; వైద్య పరీక్షలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2011 నాటి సమీక్ష కూడా నమ్మదగ్గ ఆధారం లేదనే తేల్చింది. గిన్నెలో పెంచిన కణాలకూ మనిషి కడుపులోకి వెళ్ళిన గుక్కెడు మజ్జిగకూ చాలా దూరం. అదీగాక, నేల ఉసిరి అని మనం పిలిచేది ఒక్క మొక్క కాదు. ఆకుల కింద వరుసగా వేలాడే కాయలు నున్నగా, చిన్న కాడతో ఉంటే అది అమారస్ అనే జాతి; గరుకుగా, కాడ లేనట్టు కొమ్మకు అంటుకుని ఉంటే యూరినేరియా అనే జాతి. వీటిలోని రసాయనాలు ఒకే పాళ్ళలో ఉండవు. నా అసలు భయం మాత్రం వేరు: పైత్యనాళానికి రాయో గడ్డో అడ్డుపడి కామెర్లు వచ్చిన మనిషి పసరు తాగుతూ కూర్చుంటే, ఆపరేషన్‌కు దక్కాల్సిన రోజులు పత్యంలోనే గడిచిపోతాయి.

పొలంగట్టు:
ఇందాక చేను దగ్గరికి వెళ్ళి చూశాను. ఒకే గట్టు మీద రెండు రకాలూ ఉన్నాయి. అప్పుడు నూరి ఇచ్చింది ఏదో మా అమ్మ కూడా చెప్పలేకపోయింది.