విశాఖ హోటల్ బార్‌లో మార్టినీలు ఏ వరుసలో తాగాలి?

మాది విజయనగరం. మా బావగారి పదవీ విరమణ సందర్భంగా ఆయనను విశాఖపట్నంలోని ఒక పెద్ద హోటల్ బార్‌కు తీసుకువెళ్లి, ఆయన ఎంతోకాలంగా కోరుకుంటున్న మార్టినీలను రుచి చూపించాలని అనుకుంటున్నాను. జిన్ అనే ఘాటైన మద్యంలో డ్రై వెర్మూత్ (మూలికల సువాసన పట్టించిన, తీపి తక్కువ వైన్) పోసి, ఐసుతో తిప్పి, వడకట్టి, చల్లబరచిన గ్లాసులో ఆలివ్ కాయతో గానీ నిమ్మతొక్కతో గానీ ఇస్తారనీ, వెర్మూత్ తగ్గేకొద్దీ దానిని మరింత ‘డ్రై’ అంటారనీ తెలుసు. సోడా గానీ పళ్లరసం గానీ కలవని ఘాటైన పానీయం కనుక మనిషికి రెండు గ్లాసులు మించనివ్వను. తిరుగు ప్రయాణం ఎలాగూ రైలులోనే.

సగం కొలతతో కలిపి ఇమ్మని బార్‌టెండర్‌ను అడగడం మర్యాదేనా? బావగారికి ఊరగాయల ఉప్పదనం ప్రాణం కనుక, ఆలివ్ ఊట కలిపే ‘డర్టీ’ మార్టినీని ముందు చెప్పాలా, లేక దాని ఉప్పు జిన్ సువాసనను తెలియనివ్వదు కాబట్టి చివరికి ఉంచాలా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.