ఆదివారం గళ్ళ నుడికట్టు: జవాబు తెలిసినా రాయలేని ఆధారాలు న్యాయమేనా?

పెన్సిలు ముక్క (ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం) అడుగుతున్నారు:

మిత్రులందరికీ నమస్కారం. ఆదివారం అనుబంధంలో వచ్చే గళ్ళ నుడికట్టును (క్రాస్‌వర్డ్) నింపడం నాకు ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు. ముప్పాతిక వంతు కాఫీ చల్లారేలోపే పూర్తవుతుంది. ఆ తరువాత ఏదో ఒక మూల, ఎక్కువగా ఎడమవైపు పైమూల, ఎంతకీ లొంగకుండా మొండికేస్తుంది. గత వారం అలా మిగిలినవి మూడు ఆధారాలు. అడ్డంగా "కలంలో మనసు మొదలు పెడితే పువ్వు (3)", దాని మొదటి గడి నుంచి కిందికి దిగే "స్వప్నానికి దేవుడిచ్చేది తోడైనా ఆందోళనే (4)", దాని నడిమి గడిలో వచ్చి ఆగే "మర తిరిగితే లక్ష్మి (2)".

మూడు గళ్ళ పువ్వులకు మన భాషలో కొదవ లేదు. గులాబి, మందారం, సంపెంగ, చేమంతి, ఏది రాసినా గళ్ళకు సరిపోతుంది, ఏది రాసినా పక్క ఆధారం ఒప్పుకోదు. "మర" అనగానే నా బుద్ధి నేరుగా పిండిమర దగ్గరకు పోయింది. మర తిరిగితే గిరాకీ, గిరాకీ ఉంటే డబ్బు, డబ్బంటే లక్ష్మి. అంతవరకు బాగానే ఉంది, కానీ గళ్ళలో రాయవలసింది ఏమిటి? ఆ ప్రశ్నతోనే ఆదివారం గడిచింది. సోమవారం సాయంత్రం మద్దిలపాలెం కూడలిలో బస్సు కోసం నిలబడి, వేరే ఏదో లెక్క వేసుకుంటూ ఉండగా, "మర" తనంతట తానే తిరిగి "రమ" అయింది. నడిమి గడిలో "మ" పడగానే అది "కలం" మధ్యకు దూరి "కమలం" విచ్చుకుంది. ఆ "క" అందుకుని "కల", "వరం" కలిసి "కలవరం" తేలింది. ఒక పూటంతా కదలని మూల, బస్సు వచ్చి ఆగేలోపు పూర్తయింది. పక్కన నిలబడినవారికి నా నవ్వుకు కారణం అర్థమై ఉండదు.

అయితే అదే నుడికట్టులో కిందివైపు మరో ఆధారం ఉంది: "నది, చెల్లాచెదురైంది (4)". అంటే ఒక నది పేరులోని అక్షరాలను గళ్ళలో వరుస తప్పించి వేయాలి. అంతే, మరో మాట లేదు. గోదావరి, కృష్ణవేణి, తుంగభద్ర వంటి పెద్ద నదుల సంగతి అటుంచితే, మన ఉత్తరాంధ్రలోనే వంశధార, నాగావళి, చంపావతి నాలుగేసి అక్షరాలవి. వాటిలో ఏదో తేల్చుకున్నామనుకున్నా, దాని అక్షరాలను నాలుగు గళ్ళలో 24 రకాలుగా పేర్చవచ్చు. జవాబు తెలియక రాయలేకపోతే బాధ లేదు. తెలిసి కూడా ఎక్కడ ఏ అక్షరం వేయాలో తెలియకపోవడం మాత్రం నాకు ఒళ్ళు మండిస్తుంది.

అందుచేత నా సందేహాలు రెండు. ఇటువంటి "చెల్లాచెదురు" ఆధారాలను కూర్పరులు ఇవ్వడం న్యాయమేనా? రెండవది, ఆఖరి మూల మిగిలినప్పుడు నిఘంటువు చూడటం, ఇంట్లోవారిని అడగటం, ఫోనులో వెతకటం, వీటిలో ఎంతవరకు ఒప్పు?

ద్వారకానగర్ పాఠకుడు:

అయ్యా, మీ బస్‌స్టాప్ అనుభవం ఈ వ్యసనం ఉన్న ప్రతివారికీ ఉంటుంది. ఆధారాన్ని వదిలేసి లేచి వెళ్ళడం కూడా పూరణలో భాగమేనని నా నమ్మకం. కళ్ళ ముందు కాగితం ఉన్నంతసేపు మనం ముందుగా అనుకున్న అర్థాన్నే పట్టుకుని వేలాడతాము. మీకు "మర" పిండిమర అయినట్టే.

పైమూల ఎందుకు మొండికేస్తుందో నాకు తోచినది చెబుతాను. తెలుగు మాటలకు తోకలు సులభంగా దొరుకుతాయి. ఆధారం బహువచనంలో ఉంటే చివరి గడిలో "లు" అని, మగవాడి పేరైతే "డు" అని, చేసే పని అయితే "ట" అని నేను జవాబు తెలియకముందే పెన్సిలుతో లేతగా వేసుకుంటాను. మాటల చివరలు కలిసే కుడివైపు కిందిమూలలో ఈ ఉపాయం రెండు వైపులా పనిచేస్తుంది. మొదళ్ళు కలిసే ఎడమవైపు పైమూలలో ఆ ఆసరా ఉండదు. లేతగా అని ఎందుకన్నానంటే, మన ఊరి సముద్రపు గాలికి మెత్తబడిన న్యూస్‌ప్రింట్ మీద రబ్బరుతో రెండోసారి రుద్దితే గడి కాస్తా చిరిగి, వెనక పేజీలోని సినిమా బొమ్మ కనిపిస్తుంది.

నిఘంటువు విషయంలో నాకు ఏ శషభిషలూ లేవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద విరుచుకుపడిన తరువాత, కరెంటూ ఫోనూ లేని ఆ రోజుల్లో, మా అటక మీది పాత ఆదివారం అనుబంధాలు కిందికి దిగాయి. వెలుతురు ఉన్నంతసేపు మెట్ల మీద కూర్చుని, ఒకరు ఆధారం చదవడం, మరొకరు బహుజనపల్లి సీతారామాచార్యుల వారి శబ్దరత్నాకరం తిరగేయడం. ఒక మాట కోసం పేజీ తెరిస్తే దాని పక్కన ఉన్న పది మాటలు కళ్ళబడతాయి. వెతికినది దొరక్కపోయినా ఆ పూట వృథా అయిందనిపించదు. ఫోనులో ఆ పక్కమాటలు కనబడవు, అదొక్కటే నాకున్న అభ్యంతరం.

మీ మొదటి సందేహానికి నాది మీ మాటే. 1910లో ఈ ఊళ్ళో పుట్టిన శ్రీశ్రీ "పదబంధ ప్రహేళిక" పేరుతోనూ, 1925లో ఇక్కడే పుట్టిన ఆరుద్ర "గళ్ళ నుడికట్టు" పేరుతోనూ ఈ గళ్ళు కూర్చారు. అంతటి కవులు చేయిపెట్టిన పనిలో "నది, చెల్లాచెదురైంది" అని రాసి ఊరుకోవడం నాకు కూడా బద్ధకంగానే కనబడుతుంది.

నల్లగడి:

నేను అప్పుడప్పుడు ఒక అంతర్జాల పత్రికకు గళ్ళు కూరుస్తుంటాను కాబట్టి, ముద్దాయిల తరఫున కొంత చెప్పుకోవలసి ఉంది.

ఈ ఆట పుట్టింది ఇంగ్లీషులో. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన మొదటి గళ్ళకట్టు వజ్రాకారంలో ఉంది. అందులో గడికొక అక్షరం, ఉన్నవి మొత్తం 26 అక్షరాలు. మనకు గడిలో పడేది హల్లు ఒక్కటే కాదు, దాని గుణింతమూ వత్తూ సున్నా అన్నీ కలిసిన ముద్ద. గుణింతాలు మాత్రమే లెక్కవేసినా నాలుగు వందలు దాటుతాయి, వత్తులు చేరిస్తే ఇక చెప్పనక్కరలేదు. దీనివల్ల పూరించేవారికి గొప్ప లాభం ఉంది. మీకు నడిమి గడిలో ఒక్క "మ" పడగానే గులాబి, సంపెంగ, చేమంతి ఒక్కసారిగా తప్పుకున్నాయి కదా, ఇంగ్లీషులో ఒక్క అక్షరం అంత పని చేయడం అరుదు. కూర్చేవారికి మాత్రం అదే నష్టం. అడ్డం మాటా నిలువు మాటా కలవాలంటే రెండింటిలోనూ సరిగ్గా అదే ముద్ద ఉండాలి. "సముద్రం" అని వేశాక ఆ "ద్రం" మీదుగా కిందికి దిగే మాటను వెతుక్కోవడం ఎంత కష్టమో మీరే ప్రయత్నించి చూడండి. "ణ", "ళ" అక్షరాలతో మొదలయ్యే మాటలు మనకు దాదాపు లేవు; కనుక "వీణ" చివరి గడి నుంచి ఒక మాట మొదలవ్వాలంటే దిక్కుతోచదు.

అలా ఇరుక్కున్న కూర్పరి చేసే పనులు కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషు గళ్ళలో సాధారణంగా మూడు అక్షరాల లోపు మాట ఉండదు, మనం రెండు గళ్ళ మాటలు విరివిగా వాడతాము. అదీ చాలకపోతే జవాబును తిరగేసి వేసి "తిరగబడింది" అంటాము. ఆఖరికి అక్షరాలన్నీ కలిపి చల్లి "చెల్లాచెదురైంది" అంటాము. నిజం చెప్పాలంటే ఆ మాట ఆధారం కాదు, కూర్పరి చేతులెత్తేశాడన్న ప్రకటన. ఒక నుడికట్టులో అటువంటిది ఒకటి ఉంటే నేను సహిస్తాను. కానీ అప్పుడు పాటించవలసిన మర్యాద రెండు రకాలుగా ఉంటుంది. చెదిరిన మాటకు ఇచ్చే ఆధారం మెలిక లేకుండా, ఒకే జవాబు వచ్చేటట్టు ఉండాలి. "నది" అని కాక "శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని పారే నది" అని ఉంటే నాగావళి తప్ప మరొకటి రాదు. పైగా ఆ నాలుగు గళ్ళలో కనీసం మూడింటిని నిలువు మాటలు దాటాలి, అప్పుడు నాలుగోది దానంతటదే తేలుతుంది. రెండు గళ్ళు మాత్రమే తెలిస్తే మిగిలిన రెండింటిని అటూ ఇటూ వేసుకునే జూదం మిగులుతుంది. మీ పత్రికలో ఎన్ని దాటాయో నాకు తెలియదు, చూసి చెప్పండి.

ఇక్కడ ఒక తేడాను గమనించండి. "మర తిరిగితే లక్ష్మి" అన్నదానిలోనూ తిరగడమే ఉంది, కానీ అక్కడ తిరిగినది ఆధారం. గళ్ళలో చివరకు నిలిచినది "రమ" అనే నిఖార్సయిన మాట. నది విషయంలో గళ్ళలో మిగిలేది ఏ అర్థమూ లేని అక్షరాల కుప్ప. పైకి మర ఆడించే వ్యాపారి గురించి చెబుతున్నట్టు నటిస్తూనే, ప్రతి మాటకూ లోపల ఒక పని అప్పగించడం కూర్పరి నేర్పు. తప్పుదోవ పట్టించవచ్చు, అబద్ధం చెప్పకూడదు. ఉదాహరణకు నేను ఒకసారి "కొమ్మ మీద పక్షి వాలితే మహానగరం (3)" అని ఇచ్చాను. "వి" అంటే సంస్కృతంలో పక్షి, కొమ్మ "శాఖ", వెరసి మన విశాఖ. దీన్ని నిలువుకే ఇచ్చాను. నిలువులో రాస్తేనే "వి" నిజంగా "శాఖ" మీద కూర్చుంటుంది. అడ్డంగా వేస్తే "మీద" అన్న మాట బొంకు అవుతుంది. ఈ చాదస్తాన్ని ఎవరూ గమనించరని మా సంపాదకులు నవ్వారు గానీ, గమనించి ఉత్తరం రాసినవారు ఉన్నారు.

కొత్త కోడలు (గాజువాక):

మీరందరూ నిఘంటువుల గురించి మాట్లాడుతున్నారు, మా ఇంట్లో నిఘంటువు మా అత్తగారే. భారతంలో ఎవరి రథానికి ఏ గుర్రాలో, ఏ మాసంలో ఏ నోమో ఆవిడ చూసుకుంటారు. క్రికెట్టు, సినిమాలు, విదేశీ రాజధానులు నా వంతు. మా పెళ్ళయిన కొత్తలో ఇద్దరికీ మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఆదివారం పూట "ఏమ్మా, ఏడు నిలువు తేలిందా?" అని వంటింట్లోంచి కేక వస్తుంది. ఇది ఒప్పా తప్పా అని అడిగితే, పేపరు మీద గెలుపు ఎవరి పేరున రాస్తారన్న పట్టింపు ఉన్నవారికే ఆ సందేహం రావాలి.

చెల్లాచెదురు ఆధారాలంటే మాత్రం మా అత్తగారికి మహా ఇష్టం. అక్షరాలను వేరుశనగ గింజల మీద రాసి కలుపుతూ కూర్చుంటారు. తేలిన తరువాత తినేస్తారనుకోండి. కాబట్టి అందరికీ ఒళ్ళు మండుతుందని తీర్పు చెప్పేయకండి.

పాత పోస్టాఫీసు వీధి:

అసలు చిరాకు వర్ణక్రమం దగ్గర వస్తుంది, దాని గురించి ఎవరూ ప్రస్తావించలేదు. "ఐదు" అని రాస్తే రెండు గళ్ళు, "అయిదు" అని రాస్తే మూడు. "ఔను", "అవును" కూడా అంతే. "పుస్తకం" మూడు గళ్ళలో సరిపోతే "పుస్తకము" నాలుగు అడుగుతుంది. కూర్పరులు తమకు ఏది కుదిరితే అది వాడుకుని, అదే నుడికట్టులో ఒకచోట సున్నా, మరొకచోట "ము" పెడతారు. గ్రాంథిక రూపం అయితే ఆధారంలోనే ఆ వాసన తగలాలి. ఆధారం "గ్రంథము" అంటే జవాబు కూడా "ము"తో ముగుస్తుందని మనం ఊహించగలగాలి.

ఫోనులో పూరించేవారికి మరో తంటా. "లక్ష్మి" మన కంటికి రెండు అక్షరాలు, కంప్యూటరు లెక్కలో యూనికోడ్ సంకేతాలు ఏడు. ఆ సంగతి పట్టించుకోకుండా తయారుచేసిన యాప్‌లో వత్తు ఒక గడిలోనూ గుడి మరో గడిలోనూ పడి మాట ముక్కచెక్కలవుతుంది. నేను ఆ పని మానుకుని మళ్ళీ కాగితానికే వచ్చాను.

పెన్సిలు ముక్క:

అందరికీ కృతజ్ఞతలు. నల్లగడి గారు అడిగినట్టు ఆ పేజీ తీసి చూశాను. నది ఉన్న నాలుగు గళ్ళలో నిలువు మాటలు దాటినవి రెండే. పడిన అక్షరాలు మొదటి గడిలో "వ", మూడవ గడిలో "గా". దీనివల్ల నాగావళి అని తేలింది గానీ, "నా" ముందో "ళి" ముందో చెప్పే దారి లేదు. ఆయన లెక్క ప్రకారం ఇది జూదమే. అత్తగారి వేరుశనగ గింజలు కూడా ఇక్కడ సాయపడలేవని కోడలు గారికి మనవి.

పత్రికకు ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. చెదిరిన జవాబులో కనీసం అన్ని గళ్ళకు ఒకటి తక్కువగా నిలువు మాటలు దాటాలని, ఒకే నుడికట్టులో సున్నా, "ము" కలగాపులగం చేయకూడదని, ఈ రెండే కోరతాను. కమలం, కలవరం, రమ కలిసిన ఆ మూలను మెచ్చుకుంటూ మొదలుపెడతాను, లేకపోతే ఫిర్యాదుల బుట్టలో పడేస్తారు. నల్లగడి గారూ, కూర్పరికి నేరుగా రాయడం మేలా, సంపాదకులకు రాయడం మేలా? మీ దగ్గరకు వచ్చే ఉత్తరాల్లో ఏవి చదువుతారు?

నల్లగడి:

సంపాదకులకు రాసి, కవరు మీద "గళ్ళ నుడికట్టు కూర్పరికి" అని వేయండి, దాదాపు అన్నీ మాకు చేరతాయి. గడి నంబరు, అడ్డమో నిలువో, తేదీ తప్పకుండా ఉదహరించండి. అవి లేని ఉత్తరం ఎంత బాగున్నా ఏ నుడికట్టు గురించో తెలియక పక్కన పెట్టేస్తాము. నింపిన కాగితాన్ని కత్తిరించి జతచేస్తే మరీ మంచిది. పూరించేవారు ఎక్కడ చెరిపారో, ఎక్కడ కాగితం చిరిగిందో చూస్తే, మేము ఎక్కడ అన్యాయం చేశామో మాకు వెంటనే తెలుస్తుంది.