ఫిబ్రవరిలో వియన్నా, ఒక్క వారాంతం: పిల్లలు, అత్తయ్య గారితో ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మంచుపూలు:
అందరికీ నమస్కారం. మేము మ్యూనిక్‌లో ఉంటాం. ఫిబ్రవరి మొదటి శని, ఆదివారాల్లో ట్రైన్‌లో వియన్నా వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు, ఊరి నుంచి వచ్చిన అత్తయ్య గారు. శనివారం ఉదయం దిగి ఆదివారం సాయంత్రం తిరిగి ఎక్కేస్తాం. ఇప్పటిదాకా రాసుకున్న లిస్టులో షోన్‌బ్రున్ ప్యాలెస్, జూ, రెండు మ్యూజియాలు, ఒపేరా, జెయింట్ వీల్, కేఫ్ సెంట్రల్ ఉన్నాయి. చలిలో ఇదంతా అయ్యే పనేనా అని టెన్షన్‌గా ఉంది. అత్తయ్య గారు మాంసం, గుడ్డు తినరు, ఎక్కువ నడవలేరు కూడా. అక్కడి కేఫుల గురించి చాలా విన్నాను కాబట్టి వాటిని మాత్రం వదులుకోను. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ట్రామ్ కిటికీ:
సగం తీసేయండి. షోన్‌బ్రున్‌కి ఒక పూట సరిపోదు, ఆ తోటలు చూడాలంటే ఎండాకాలమే రావాలి. అక్కడి జూ 1752లో మొదలైంది, ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అన్నిటికన్నా పాతది, కానీ ఫిబ్రవరి గాలిలో పెద్దావిడని అంత దూరం తిప్పడం న్యాయం కాదు. రోజుకి ఒక్క మ్యూజియం, ఒక్క కేఫ్ పెట్టుకోండి, అదీ కేఫ్‌లో కనీసం గంటన్నర కూర్చునేలా. వియన్నాలో కేఫ్ అంటే రెండు చోట్ల మధ్య కాళ్ళు చాపుకోవడానికి ఆగే చోటు కాదండీ, దానికోసమే వెళ్తారు. ఒక్క కాఫీ తీసుకుని ఎంతసేపు కూర్చున్నా లేవమని ఎవరూ అనరు, చెక్క పట్టీకి బిగించిన పేపర్లు ఉంటాయి, చదువుకోవచ్చు. 2011లో ఆస్ట్రియా ఈ కాఫీహౌస్ సంస్కృతిని యునెస్కో ఒప్పందం కింద తమ దేశపు వారసత్వ జాబితాలో చేర్చింది.

శనివారానికి పాత చిత్రాలుండే కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం చాలు. 19 ఏళ్ళ లోపు వాళ్ళకి టికెట్ లేదు. మొత్తం చూడాలనుకోకుండా నేరుగా చిత్రకారుడు బ్రూగెల్ గదికి వెళ్ళండి. అక్కడ 1560లో వేసిన ‘పిల్లల ఆటలు’ అనే బొమ్మ ఉంది. అందులో రెండు వందలకి పైగా పిల్లలు, కప్పగంతులు వేసేవాళ్ళు, చక్రాలు దొర్లించేవాళ్ళు, కళ్ళకి గంతలు కట్టుకున్నవాళ్ళు, ఓ మూల మన అచ్చనగాయల్లాంటివి ఆడుతున్న ఇద్దరు. మీ పాపని ఎన్ని ఆటలు కనిపెడుతుందో చూడమనండి, అరగంట కదలదు. అదే గదిలో ‘మంచులో వేటగాళ్ళు’ కూడా ఉంటుంది, 1565 నాటిది. కుక్కలతో అలిసి తిరిగొస్తున్న వేటగాళ్ళు, కింద గడ్డకట్టిన చెరువుల మీద జారుతున్న జనం. చలికాలంలో చూడాల్సిన బొమ్మంటే అదే.

పాలకాఫీ:
పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తాను. కేఫ్ సెంట్రల్ మాత్రం ఈసారికి వద్దు. 1876 నాటి కేఫ్, లోపల ఆ కమానులు నిజంగా అందంగా ఉంటాయి, కాదనను, కానీ వారాంతాల్లో బయట చలిలో లైన్లో నిలబడాలి. మ్యూజియం నుంచి దగ్గర్లోనే కేఫ్ స్పెర్ల్ ఉంది, 1880లో తెరిచారు, పాత సోఫాలు, బిలియర్డ్స్ బల్లలు అలాగే ఉన్నాయి. మీరు మెలాంజ్ అడగండి, కాఫీలో వేడి పాలు, పైన పాల నురగ. గాజు గ్లాసులో పైన క్రీమ్ కుప్పతో కావాలంటే ఐన్‌ష్పెనర్. ఏది అడిగినా చిన్న ట్రేలో పక్కన మంచినీళ్ళ గ్లాసు వస్తుంది. 1873 నుంచి ఆల్ప్స్ కొండల ఊటనీళ్ళు పైపుల్లో ఆ ఊరికి వస్తున్నాయి, కుళాయి నీళ్ళే అయినా ఎంత బాగుంటాయో.

అత్తయ్య గారి విషయంలో జాగ్రత్త. దాదాపు కేకులన్నిటిలో గుడ్డు ఉంటుంది, జాకర్ టోర్టె అనే చాక్లెట్ కేకులో కూడా. ఆపిల్ ముక్కలు చుట్టి కాల్చే ఆపిల్ ష్ట్రూడెల్ పిండిలో ఒక్కోచోట వేస్తారు, ఒక్కోచోట వేయరు, కాబట్టి ‘ఓనే ఐ?’ (గుడ్డు లేకుండానా?) అని అడగాల్సిందే. చూడ్డానికి శాకాహారంలా కనిపించే ఫ్రిటాటెన్ (పాన్‌కేక్ ముక్కల) సూప్ గొడ్డు మాంసం రసంతో చేస్తారు, ఇది చాలామందికి తెలియదు. ఇంటి నుంచి పులిహోర తెచ్చుకుని మధ్యాహ్నం గదిలో తినేసి, కేఫ్‌లో ఆవిడకి హాట్ చాక్లెట్ చెప్పండి.

మంచుపూలు:
చాలా థాంక్స్ అండీ, సూప్ సంగతి నిజంగా తెలియదు. మరి ఆదివారం? షాపులన్నీ మూసేస్తారుగా, పిల్లలకి విసుగు రాదా? బాబు బొమ్మల ముందు ఐదు నిమిషాలు కూడా నిలబడడు.

ట్రామ్ కిటికీ:
షాపులు మూసినా మ్యూజియాలు, కేఫులు తెరిచే ఉంటాయి. బాబు కోసమైతే కున్స్ట్‌హిస్టోరిషెస్‌కి ఎదురు భవనంలోని నాచురల్ హిస్టరీ మ్యూజియానికి వెళ్ళండి, అక్కడా పిల్లలకి ఉచితమే. డైనోసార్లు, ఉల్కలు, ఇంకా 1908లో దొరికిన విల్లెన్‌డోర్ఫ్ వీనస్. అరచేతిలో పట్టేంత రాతి బొమ్మ, దానికోసం విడిగా చిన్న గది కట్టారు. మీకు క్లిమ్ట్ వేసిన ‘ముద్దు’ చిత్రం చూడాలనుంటే మీరిద్దరిలో ఒకరు పాపతో డి నంబర్ ట్రామ్ ఎక్కి, అది ఉన్న బెల్వెడేర్ ప్యాలెస్ మ్యూజియానికి వెళ్ళండి, అక్కడి నుంచి మెయిన్ స్టేషన్ దగ్గరే. సామాను పొద్దున్నే స్టేషన్ లాకర్లో పెట్టేస్తే మళ్ళీ వెనక్కి తిరగక్కర్లేదు.

శనివారం చీకటి పడ్డాక రాట్‌హౌస్ (సిటీ హాల్) ముందుకి తప్పకుండా వెళ్ళండి. ఆ రోజుల్లో అక్కడ ఐస్‌ట్రౌమ్ ఉంటుంది, పార్కు చెట్ల మధ్య దారుల్లో కూడా మంచు పరిచి స్కేటింగ్ చేయిస్తారు. స్కేట్లు అద్దెకిస్తారు. పున్ష్ అనే వేడి పానీయం తాగాలంటే పిల్లలకి కిండర్‌పున్ష్ అనే అడగండి, మామూలు పున్ష్‌లో మద్యం ఉంటుంది.

పాలకాఫీ:
ఒకటి మర్చిపోయారు, అది క్రాప్ఫెన్ అనే డోనట్ల సీజన్! లోపల ఆప్రికాట్ జామ్, పైన పొడి చక్కెర, ఏ బేకరీలో చూసినా గుట్టలు పోసి ఉంటాయి. గుడ్డు ఉంటుంది కాబట్టి అత్తయ్య గారికి వద్దు, పిల్లలకి మాత్రం ఇప్పించండి.

మంచుపూలు:
షోన్‌బ్రున్, జెయింట్ వీల్, సెంట్రల్ కొట్టేశాను. శనివారం బ్రూగెల్, స్పెర్ల్, రాట్‌హౌస్. ఆదివారం బాబు వాళ్ళ నాన్నతో, అత్తయ్య గారితో డైనోసార్ల దగ్గరికి, నేనూ పాపా బెల్వెడేర్‌కి. స్పెర్ల్‌లో ఐదుగురికి ముందే టేబుల్ చెప్పుకోవాలా, నేరుగా వెళ్ళొచ్చా?

పాలకాఫీ:
శనివారం మధ్యాహ్నం కదా, ఐదుగురంటే ముందే చెప్పుకోండి. కిటికీ పక్కన అడగండి.