శాసనం రాయి మీద పడిన ఎనామెల్ పెయింట్ ఎలా తీయాలి?

నమస్కారం. మాది జనగామ వైపు ఒక పల్లె. ఊరి చరిత్ర పోగు చేద్దామని పది మందిమి కలిసి చిన్న సంఘం పెట్టుకున్నాం. పాత దస్తావేజులు, ఫోటోలు సేకరిస్తున్నాం, పెద్దవాళ్ల మాటలు రికార్డ్ చేస్తున్నాం.

శివాలయం ముందు నిలువెత్తు శాసనం రాయి ఉంది. పైన సూర్యుడు, చంద్రుడు, కింద ఆవు, దూడ. ఈ మధ్య గుడికి రంగులు వేసినప్పుడు దానికీ పసుపు ఎనామెల్ పూసేశారు. భక్తితోనే చేశారు, ఎవరినీ తప్పు పట్టలేను. కానీ చూసిన రోజు అన్నం సహించలేదు. ఇప్పుడు 'స్వస్తి శ్రీ', 'శకవర్షంబులు' అన్నవి మాత్రమే ఆనుతున్నాయి. ఆ తర్వాత శక సంవత్సరం అంకె దొరికితే దానికి 78 కలిపి క్రీస్తు శకంలో ఏ సంవత్సరమో చెప్పవచ్చు. సరిగ్గా అక్కడే రంగు మందంగా పేరుకుంది.

థిన్నర్ వాడదామని ఒకరు, ఇనుప బ్రష్‌తో గీకుదామని ఇంకొకరు అంటున్నారు. నాకైతే రెండూ భయమే. అక్షరం అంచు ఒకసారి రాలితే మళ్లీ రాదు కదా. మీలో ఎవరైనా ఇలాంటి రాయి శుభ్రం చేయించారా? ఎవరితో, ఎలా?

ఇంకొకటి. తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీస్తారు కదా, రంగు ఉండగా అది కుదురుతుందా? మైసూరులోని పురావస్తు సర్వే శాసన విభాగానికి ముందు ఫోటోలు పంపితే చూస్తారా? ఉత్తరం ఎలా రాయాలో తెలిసినవారు దయచేసి చెప్పండి. అప్పటిదాకా రాయిని ఎవరూ ముట్టకుండా చూసుకుంటున్నాం.