ఆక్సొలాటిల్ ఐదు రోజులుగా ఏమీ తినట్లేదు, ప్లీజ్ ఎవరైనా చెప్పండి

చిన్నివాళ్లమ్మ:
పొద్దున్నుంచి కూర్చుని దొరికిందల్లా చదివాను. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటున్నారు, బుర్ర వేడెక్కిపోయింది. మా ఆక్సొలాటిల్ చిన్ని, అదే నీళ్లలో బతికే బల్లిలాంటి ఉభయచరం, ఐదు రోజులుగా తిండి ముట్టడం లేదు. వయసు ఏడాదిన్నర. ఎర్ర పురుగుని పట్టకారుతో మూతి దగ్గర పెడితే గబుక్కున లాక్కునేది, రెండు క్షణాల్లో ఉమ్మేసి తల తిప్పేసుకునేది. నిన్నటి నుంచి నోరే తెరవట్లేదు. ట్యాంక్ శుభ్రంగా ఉంది, నీళ్లు అద్దంలా ఉన్నాయి. అన్నీ బాగానే ఉన్నాయి. మరి ఎందుకు తినదు?

పాతకాపు:
ఉష్ణోగ్రత? అమ్మోనియా?

ఇసుకేముద్దు:
అవన్నీ తర్వాత. ముందు అడుగున ఏం పరిచారో చెప్పండి. గులకరాళ్లే అయ్యుంటాయి, ఎక్కడ చూసినా ఇదే గొడవ. దానికి నమలడం రాదండీ. నోరు తెరిచి నీటితో సహా పీల్చేస్తుంది, పక్కనున్న రాయి కూడా లోపలికి పోతుంది. అది పేగులో అడ్డం పడితే తిండి మానేస్తుంది, పొట్ట ఉబ్బుతుంది, మలం రాదు. సన్నటి ఇసుక వేయండి, లేదా ఏమీ వేయకండి. ఎన్నిసార్లు రాశానో నాకే లెక్క లేదు.

గాజుతొట్టి:
ఎర్ర పురుగులంటే ఏవి? గడ్డకట్టించి ముక్కలుగా అమ్మే రక్తపురుగులా, ఎరువుకుప్పల్లో పెరిగే ఎర్ర వానపాములా? రెండోవైతే ఉమ్మడంలో వింతేం లేదు. ఆ రకం బెదిరితే ఒంటి నుంచి చేదు ద్రవం వదులుతుంది. వేడినీళ్లలో కాసేపు ముంచి, చల్లార్చి, ముక్కలు చేసి పెడితే కొన్ని తింటాయి. మామూలు పెద్ద వానపాము అయితే ఆ బాధే లేదు.

మొప్పలమాస్టారు:
రక్తపురుగులు అసలు పురుగులే కావు, కుట్టని ఒక రకం దోమల లార్వాలు. పేరు సరిగ్గా వాడితే సగం సందేహాలు తీరతాయి. అలాగే ఆక్సొలాటిల్‌ని "నడిచే చేప" అనేవాళ్లకి ఒక దండం. ఇది ఉభయచరం, సాలమాండర్. మెక్సికో నగరం దక్షిణాన ఉన్న సోచిమిల్కో సరస్సు, కాలవల్లో పుట్టింది. థైరాయిడ్ హార్మోన్ చాలక జీవితమంతా లార్వా రూపంలోనే ఉండి, ఆ రూపంలోనే గుడ్లు పెడుతుంది. 1864లో పారిస్‌కు కొన్నింటిని తెచ్చారు. మరుసటి సంవత్సరం వాటి పిల్లల్లో కొన్ని మొప్పలు రాల్చుకుని నేల జీవుల్లా మారేసరికి అక్కడి శాస్త్రజ్ఞులు నోరెళ్లబెట్టారు. ఇది చదివి ఎవరైనా "అయోడిన్ వేస్తే హుషారొస్తుంది" అని సలహా ఇస్తారేమో, అందుకని ముందే చెప్తున్నా. వేయకండి. అయోడిన్‌తో ఆ హార్మోన్ పెరిగి బలవంతంగా రూపం మారితే చాలావరకు ఎక్కువకాలం బతకవు.

పాతకాపు:
మాస్టారూ, అయోడిన్ మాట ఎవరూ ఎత్తలేదు. అమ్మా, ఉష్ణోగ్రత?

చిన్నివాళ్లమ్మ:
మాస్టారు గారికి థాంక్స్, కానీ నాకు ఇప్పుడు చరిత్ర వద్దండీ. ఎరువుకుప్ప రకం వానపాములే. నాలుగు నెలలుగా అవే ఇష్టంగా తింటోంది, ఇప్పుడు కొత్తగా చేదెక్కాయా? అడుగున రాళ్లు ఉన్నాయి, పెద్దవే, మింగేంత చిన్నవి కావు. థర్మామీటర్ ఇప్పుడే పెట్టి చూశా, 25. అమ్మోనియా చూడలేదు. ట్యాంక్ సైకిల్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి అవసరం లేదనుకున్నా. ఇంకోటి, మొప్పలు ముందుకి వంగి ఉన్నాయి, కొక్కేల్లా. తోక కొస కూడా కొంచెం చుట్టుకుంది. ఇదేమైనా ముఖ్యమా?

గాజుతొట్టి:
ముఖ్యమా అంటే! మొదటి పోస్టులోనే చెప్పాల్సింది అదే కదండీ. మొప్పలు ముందుకి వంగడం, తోక కొస చుట్టుకోవడం ఒత్తిడి గుర్తులు. నీటి ధార జోరుగా ఉన్నా అలాగే అవుతుంది, నీళ్లు చెడినా అవుతుంది. ఇక 25 చాలా ఎక్కువ. దానికి 16 నుంచి 18 హాయి, 20 దాకా పర్లేదు. వేడి పెరిగితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియా విషం పెరుగుతుంది. నీటి మీదుగా గాలి తగిలేలా ఒక చిన్న ఫ్యాన్ పెట్టండి, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐస్ గడ్డలు మాత్రం పడేయకండి, ఒక్కసారిగా దిగితే అదో దెబ్బ.

పాతకాపు:
సైకిల్ అయిపోయింది అంటే?

చిన్నివాళ్లమ్మ:
అంటే, ట్యాంక్ కొత్తలో ఆరు వారాలు ఖాళీగా నడిపాను. తర్వాత వారం వారం నీళ్లు మారుస్తున్నా.

మొప్పలమాస్టారు:
నీళ్లు మార్చడం సైకిల్ కాదు. నత్రజని వలయం అనండి, అర్థం పేరులోనే ఉంది. జంతువు వదిలిన అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది.

ఉప్పుచుక్క:
పేరేదైతే ఏంటి మాస్టారూ. అమ్మా, పది నిమిషాలు ఉప్పునీళ్లలో ఉంచండి, అన్నీ సర్దుకుంటాయి. మాదానికి రెండుసార్లు పనిచేసింది.

గాజుతొట్టి:
మీదానికి మొప్పల మీద తెల్ల దూదిలాంటి ఫంగస్ ఉందేమో. ఈవిడ దానికి అలాంటిది ఉందని ఎక్కడా చెప్పలేదు. ఊరికే ఉప్పు వేస్తే ఇప్పటికే నీరసంగా ఉన్నదాని చర్మానికి ఇంకో శిక్ష.

ఉప్పుచుక్క:
నా అనుభవం నేను చెప్పా. మీ ఇష్టం.

పాతకాపు:
ఆరు రోజుల కింద ఏం మారింది?

చిన్నివాళ్లమ్మ:
ఏమీ మారలేదండీ. ఆదివారం ట్యాంక్ మొత్తం బాగా కడిగానంతే. నీళ్లన్నీ తీసేసి, రాళ్లు కడిగి, ఫిల్టర్ స్పాంజ్ నల్లా కింద పిండీ పిండీ తెల్లగా వచ్చేదాకా కడిగాను. దాని నుంచి ఎంత మురికి వచ్చిందో చెప్తే నమ్మరు.

పాతకాపు:
ఆ మురికే మీ సైకిల్.

గాజుతొట్టి:
పాతకాపు మరీ కోసినట్టు చెప్పారు గానీ, విషయం అదే. ఆ బ్యాక్టీరియా ఉండేది ఎక్కువగా స్పాంజ్‌లోనే. నల్లా నీటిలోని క్లోరిన్‌తో వాటిని చంపేశారు. స్పాంజ్‌ని ట్యాంక్ నుంచి తీసిన నీళ్లలోనే ఒకసారి ముంచి పిండాలి, తెల్లగా రానక్కర్లేదు. టెస్ట్ కిట్ ఉంటే ఇప్పుడే చూడండి.

చిన్నివాళ్లమ్మ:
చుక్కల కిట్ బీరువాలో దొరికింది. అమ్మోనియా గొట్టంలో నీళ్లు పసుపు నుంచి ఆకుపచ్చకి తిరిగాయి, పట్టీ పక్కన పెడితే 2 రంగుకి దగ్గరగా ఉంది. నైట్రేట్ సున్నా. సున్నా మంచిదే కదా?

గాజుతొట్టి:
సున్నా ఉండాల్సింది అమ్మోనియా, నైట్రైట్. ఇన్ని నెలలుగా నడుస్తున్న ట్యాంక్‌లో నైట్రేట్ కొద్దిగా కనబడాలి. మీరు నీళ్లన్నీ తీసేశారు కాబట్టి పాతది పోయింది, కొత్తది తయారుచేసేవి లేవు. చిన్నిని ఈ రాత్రే బయటికి తీయండి. సబ్బు తగలని డబ్బా, మొప్పలు మునిగేంత నీళ్లు, క్లోరిన్ విరిచే మందు కొలత ప్రకారం. కలబంద కలిపిన మందు వద్దు. రోజూ నీళ్లన్నీ మార్చాలి, కొత్త నీళ్లు అంతే చల్లగా ఉండాలి. చీకట్లో పెట్టండి, దానికి కనురెప్పలు లేవు. తిండి కోసం వెంటపడకండి. పెద్ద ఆక్సొలాటిల్ రెండు వారాలు తినకపోయినా చావదు, ఈ నీళ్లలో ఉంటే మాత్రం కష్టం. పొట్ట ఉబ్బినా, తేలుతున్నా డాక్టర్‌కి చూపించండి. ఉభయచరాలు చూసే పశువైద్యులకే, అందరికీ తెలియదు.

మొప్పలమాస్టారు:
ట్యాంక్‌లో నత్రజని వలయం మళ్లీ నిలబడటానికి వారాలు పడుతుంది. అది నిలబడేదాకా డబ్బా జీవితమే.

చిన్నివాళ్లమ్మ:
డబ్బాలో పెట్టాను. కడిగినందుకు ఏడుపొస్తోంది.

(నాలుగు రోజుల తర్వాత)

చిన్నివాళ్లమ్మ:
మొప్పలు వెనక్కి వచ్చాయి. ఇవాళ పెద్ద వానపాము సగం ముక్క తింది, ఉమ్మలేదు. థాంక్స్ అందరికీ, పాతకాపు గారికి కూడా.

ఇసుకేముద్దు:
సంతోషం. ఇంతకీ ఆ రాళ్లు తీశారా?

ఇసుకేముద్దు:
రాళ్లు?